నీటిని అడిగి రాయిని కొనాలి: జియోలైటుతో భారలోహాల వడపోత

గోదావరి డెల్టాలో నీటికి కొరత లేదు, నీటి మీద అనుమానానికీ కొరత లేదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి పొలానికీ, మంచినీళ్ల చెరువుకూ, చేపల చెరువుకూ కాలువ నీరే ఆధారం కాగా, ఊళ్ల వాడకపు నీరు చేరేదీ ఆ కాలువల్లోకీ, వాటి పక్కన సాగే డ్రెయిన్లలోకీ కావడం వల్ల, బిందెలో నీళ్లు తేటగా కనిపించినా వాటిలో ఏం కలిసి ఉందోనన్న బెంగ ఇంటింటా ఉంది. ఆక్వా రైతులకు అమ్మోనియా మందుగా ఏనాడో పరిచయమైన జియోలైటు బస్తా ఇప్పుడు తాగునీటిలోని సీసానికీ, కాడ్మియానికీ కూడా విరుగుడన్న మాట వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంత? ఏ నీటికి అది పనికివస్తుంది, ఏ నీటికి పనికిరాదు? కొన్న రాయి పనిచేస్తున్నదో లేదో ఇంట్లోనో, చెరువు గట్టునో ఉన్న మనిషి తెలుసుకొనేదెలా? ఈ అధ్యాయం ఈ ప్రశ్నలకు వరుసగా, చేయవలసిన పనుల రూపంలో జవాబు చెబుతుంది. రసాయన శాస్త్రం చదవని వారికి కూడా ఇందులో భయపడవలసిందేమీ లేదు. కావలసింది కొంత ఓపిక, ఒక నోటు పుస్తకం, నమ్మదగిన ప్రయోగశాల మాత్రమే.

ముందుగా రాయి స్వభావం

జియోలైటు అనేది అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన చట్రంలో అతి సన్నని సొరంగాలున్న సహజ ఖనిజం. ఆ చట్రానికి ఋణ విద్యుదావేశం ఉంటుంది కనుక, దాన్ని సరితూచడానికి సోడియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశపు కణాలు, అంటే కేటయాన్లు, ఆ సొరంగాల్లో వదులుగా కూర్చుని ఉంటాయి. నరసాపురం రేవులో నిండిన పంటు మీదికి ఒకరు దిగితేనే మరొకరు ఎక్కగలిగినట్టు, సీసపు కణం లోపలికి చేరాలంటే సోడియమో, కాల్షియమో బయటికి రావాలి. దీన్నే అయాన్ మార్పిడి అంటారు.

ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మూడు సంగతులు వాటంతటవే తేలుతాయి. మొదటిది, జియోలైటు ధనావేశం ఉన్నవాటినే పట్టుకుంటుంది. రెండవది, నీటిలో ధనావేశపు కణాలు ఎన్ని రకాలున్నా అవన్నీ అదే చోటు కోసం పోటీ పడతాయి. మూడవది, చోటు నిండిన తర్వాత రాయి పని ఆగిపోతుంది. ఈ అధ్యాయంలోని సూచనలన్నీ, చాలామంది చేసే పొరపాట్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చెందినవే.

1. రాయి కొనే ముందు నీటిని పరీక్ష చేయించాలి

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో మూర్ఛ, తల తిరగడం వంటి లక్షణాలతో 600 మందికి పైగా ఆసుపత్రుల పాలైనప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త మొదట వచ్చింది. తర్వాత మరిన్ని పరీక్షలు జరిగిన మీదట ఎయిమ్స్, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు పురుగుమందుల అవశేషాలను ప్రధాన కారణంగా చూపారు. మొదటి వార్త వినగానే భారలోహాల వడపోత పరికరం కొని నిశ్చింతగా కూర్చున్న కుటుంబం ఏదైనా ఉండి ఉంటే, దానికి దక్కిన రక్షణ ఎంత? సహజ జియోలైటు పురుగుమందును నమ్మదగినంతగా పట్టుకోదు కనుక, దాదాపు ఏమీ లేదనే చెప్పాలి. శత్రువు ఎవరో తేలక ముందే ఆయుధం కొంటే డబ్బుతో పాటు అప్రమత్తత కూడా పోతుంది.

పరీక్ష చేయించేటప్పుడు పాటించవలసినవి ఇవి.

అ) గ్రామాల్లో జలజీవన్ మిషన్ కింద ఇచ్చిన క్షేత్రస్థాయి కిట్టు పీహెచ్, కఠినత్వం, క్లోరైడ్, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివాటికి పనికివస్తుంది గాని సీసం, కాడ్మియం చెప్పదు. భారలోహాలు లీటరుకు మిల్లీగ్రాములో వందో వంతు, వెయ్యో వంతు స్థాయిలో కొలవవలసినవి కనుక, అటామిక్ అబ్జార్ప్షన్ లేదా ఐసీపీ పరికరం ఉన్న ప్రయోగశాలకే నమూనా పంపాలి.

ఆ) సీసా ప్రయోగశాల వారే ఇచ్చింది అయి ఉండాలి. లోహాలు సీసా గోడకు అంటుకుపోకుండా అందులో కొద్దిగా నత్రికామ్లం వేసి ఇస్తారు కనుక దాన్ని కడిగి పారబోయకూడదు.

ఇ) రెండు నమూనాలు తీయాలి. రాత్రంతా కుళాయి విప్పకుండా ఉంచి తెల్లవారగానే పట్టిన మొదటి నీరు ఒకటి, అయిదు నిమిషాలు వదిలిన తర్వాత పట్టిన నీరు రెండవది.

ఈ రెండవ నమూనా ఎందుకన్న ప్రశ్నకు జవాబు తేలికే. భీమవరంలో ఒక అపార్ట్‌మెంటులో మొదటి నీటిలో సీసం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, వదిలిన తర్వాతి నీటిలో 0.005 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు సీసం బోరులోంచో, కాలువలోంచో రావడం లేదు. రాత్రంతా నీరు నిలిచి ఉన్న ఇత్తడి కుళాయిలోంచో, గొట్టాల అతుకుల్లోంచో దిగుతోంది. అటువంటి ఇంటికి జియోలైటు అక్కర లేదు. కుళాయో, ఆ అతుకులో మార్చి, అంతవరకు తెల్లవారి మొదటి నీటిని మొక్కలకు పోస్తే చాలు.

నివేదిక చేతికి వచ్చాక పోల్చి చూడవలసింది భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి 2012లో నిర్దేశించిన ఐఎస్ 10500 హద్దులతో. దాని ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01, కాడ్మియం 0.003, నికెల్ 0.02, పాదరసం 0.001 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే నివేదికలో పీహెచ్, కఠినత్వం, మొత్తం కరిగిన లవణాలు కూడా తప్పక అడిగి రాయించుకోవాలి. వాటి అవసరం మూడవ సూచనలో తెలుస్తుంది.

2. ఉన్న లోహం జియోలైటుకు లొంగేదేనా అని చూడాలి

నీటి శుద్ధికి ఎక్కువగా వాడే సహజ జియోలైటు క్లైనోప్టిలోలైట్. భారలోహాల్లో దీనికి అన్నిటికంటే ఇష్టమైనది సీసం. ఆ తర్వాత రాగి, కాడ్మియం, జింకు వస్తాయి. నికెల్, కోబాల్ట్ బాగా వెనకబడి ఉంటాయి. లోహం కాకపోయినా అమ్మోనియం కణాన్ని కూడా ఇది బలంగా పట్టుకుంటుంది కనుకనే చేపల చెరువుల వారికి దగ్గరైంది. రేడియోధార్మిక సీజియం పట్ల దీనికున్న మక్కువ వల్ల 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాతా, 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాతా జియోలైట్లను పెద్ద ఎత్తున వాడారు.

మరి లొంగనివి ఏవి? ఆర్సెనిక్ నీటిలో ఋణావేశంతోనో, ఏ ఆవేశమూ లేకుండానో తిరుగుతుంది, ఆరు వేలన్సీ క్రోమియం ఋణావేశపు కణాలుగా తిరుగుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా అంతే. అందువల్ల మామూలు జియోలైటు వీటిని ముట్టుకోదు. పాదరసం ఉప్పు ఉన్న నీటిలో క్లోరైడుతో కలిసి వేరే రూపాల్లోకి మారిపోతుంది కనుక దాని విషయంలో ఈ రాయిని నమ్ముకోకూడదు. సూక్ష్మజీవులు, పురుగుమందులు, నూనెలు, నీటి ఉప్పదనం, వీటిలో ఏదీ దీని పని కాదు. నివేదికలో హద్దు దాటినది ఈ రెండవ జాబితాలోదైతే, అధ్యాయం ఇక్కడే ముగించి వేరే మార్గం వెదకడం తెలివైన పని.

3. పోటీదారులను లెక్క వేయాలి

జియోలైటు విఫలమైందని చెప్పే సందర్భాల్లో చాలావరకు రాయి తప్పు ఉండదు, లెక్క వేయకపోవడమే తప్పు. ఈ లెక్క కష్టమైనదా? కాదు, ఒకసారి చేసి చూస్తే చాలు.

బోరు నీటి కఠినత్వం లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, అందులో కాల్షియం, మెగ్నీషియం కలిసి 6 మిల్లీ ఈక్వివలెంట్లు ఉన్నట్టు లెక్క. ఈక్వివలెంటు అంటే కణాలను వాటి ఆవేశం ప్రకారం కొలిచే కొలత. అదే నీటిలో సీసం 0.05 మిల్లీగ్రాములు, అంటే తాగునీటి హద్దుకు అయిదు రెట్లు ఉన్నా, అది 0.0005 మిల్లీ ఈక్వివలెంట్లకు మించదు. ఒక్కొక్క సీసపు కణానికి ఎదురుగా పన్నెండు వేల దాకా పోటీదారులు నిలబడి ఉన్నారన్నమాట. క్లైనోప్టిలోలైట్‌కు సీసం మీద ప్రత్యేకమైన మక్కువ ఉండబట్టే ఇంత పోటీలోనూ కొంత పట్టుకోగలుగుతుంది. జింకుకో, నికెల్‌కో ఆ అదృష్టం ఉండదు.

సముద్రానికి దగ్గరైన కొద్దీ ఈ పోటీ మరీ పెరుగుతుంది. ఉప్పదనం వెయ్యికి 10 పాళ్లున్న రొయ్యల చెరువులో లీటరుకు దాదాపు 3 గ్రాముల సోడియం, అంటే 130 మిల్లీ ఈక్వివలెంట్లకు పైగా ఉంటుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని ఆ నీటిలో 0.07 మిల్లీ ఈక్వివలెంట్లు మాత్రమే. మొగల్తూరు వైపు ఉప్పునీటి చెరువులో చల్లిన జియోలైటు, ఉండి వైపు కాలువ నీటి చెరువులో చల్లినంతగా ఎందుకు పనిచేయదన్న రైతు ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది.

4. చెరువులో చల్లే ముందు బస్తాల లెక్క చూడాలి

నాలుగడుగుల లోతు నీరున్న ఎకరం చెరువులో సుమారు 49 లక్షల లీటర్ల నీరుంటుంది. అందులో అమ్మోనియా నత్రజని లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే మొత్తం 4.9 కిలోలు. మంచి రకం జియోలైటుకు గ్రాముకు ఒక మిల్లీ ఈక్వివలెంటు మార్పిడి సామర్థ్యం ఉందనుకుని, ఆ సామర్థ్యమంతా అమ్మోనియాకే ఖర్చయిందని ఉదారంగా ఊహించినా, 20 కిలోల బస్తా పట్టుకోగలిగేది 280 గ్రాములు మాత్రమే. అంటే మంచినీటి చెరువులో సైతం ఎకరానికి ఒక బస్తా చేసే మేలు నూటికి ఆరు పాళ్లు దాటదు. మేత తగ్గించడం, నీరు మార్చడం, ఏరియేటర్లు నడపడం అనే మూడు పాత పనులకు ఇది ప్రత్యామ్నాయం కాదని ఈ లెక్క చెబుతుంది.

భారలోహాల సంగతి ఇంకా ముఖ్యమైనది. నాచు చంపడానికి మైలుతుత్తం వాడిన చెరువులో రాగి మిగిలిపోతుందేమోనన్న భయంతో జియోలైటు పొడి చల్లడం వినడానికి బాగానే ఉంటుంది గాని, చెరువులో చల్లిన రాయి చెరువులోనే ఉంటుందన్న సంగతి ఆలోచించాలి. రాగి నీటిలోంచి అడుగు బురదలోకి మారిందే తప్ప చెరువు దాటి పోలేదు. అడుగున తినే చేపకు ఆ బురదే ఆహారం. కొల్లేరు సరస్సులో అడుగు మట్టిని అంటిపెట్టుకున్న భారలోహాలు తినదగిన చేపల్లో పేరుకోవడం గురించి 2004లో ఒక పరిశోధన పత్రం వెలువడిందన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోదగినది. లోహం తీసేయడం అంటే దాన్ని పట్టుకున్న రాయిని కూడా బయటికి తీయగలగడం. అందువల్ల లోహాల కోసం జియోలైటును ఎప్పుడూ గొట్టంలోనో, తొట్టిలోనో పడకగా పరచి, నీటిని దాని గుండా పంపాలి తప్ప నీటిలో వెదజల్లకూడదు.

5. రాయిని పరీక్షించి కొనాలి

రాజమహేంద్రవరం చుట్టుపక్కల కాతేరు, పంగిడి ప్రాంతాల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కను లావా ప్రవాహాలు గోదావరి లోయ వెంబడి తూర్పు దాకా పారి గడ్డకట్టగా ఏర్పడినది. అటువంటి లావా రాళ్ల బుడగల ఖాళీల్లో కాలక్రమాన జియోలైటు స్ఫటికాలు పేరుకోవడం దక్కను ప్రాంతంలో మామూలే. అలాగని క్వారీ కంకర తెచ్చి వడపోతకు వాడవచ్చునా? వాడకూడదు. ఆ ఖాళీల్లోని స్ఫటికాలు రాయి మొత్తంలో బహు కొద్ది పాలు. మిగిలినది మామూలు బసాల్టు. నీటి శుద్ధికి వాడే క్లైనోప్టిలోలైట్ అగ్నిపర్వత బూడిద పొరలు మారగా ఏర్పడిన గనుల నుంచి, ఎక్కువగా విదేశాల నుంచి వస్తుంది.

కొనేటప్పుడు అమ్మకందారును అడగవలసినవి నాలుగు: ఖనిజం పేరు, అందులో క్లైనోప్టిలోలైట్ నూటికి ఎంత, కేటయాన్ మార్పిడి సామర్థ్యం ఎంత, గింజ పరిమాణం ఎంత. ఖనిజం పేరు చెప్పని బస్తాను పక్కన పెట్టడానికి ఆరోగ్య కారణం కూడా ఉంది. ఎరియోనైట్ అనే నూలుపోగు వంటి జియోలైటు దుమ్ము పీల్చడం వల్ల టర్కీలోని కప్పడోసియా పల్లెల్లో ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ విపరీతంగా వచ్చింది.

తెచ్చిన తర్వాత గట్టు మీదే చేయదగిన మూడు పరీక్షలున్నాయి.

అ) గుప్పెడు గింజలను గ్లాసు నీటిలో ఒక రాత్రి నానబెట్టాలి. తెల్లవారేసరికి ముద్దగా మెత్తబడితే అందులో బంకమట్టి పాలు ఎక్కువ.

ఆ) గింజల మీద నిమ్మరసమో, వెనిగరో పోయాలి. బుసబుస పొంగితే అందులో సున్నపురాయి కలిసింది.

ఇ) మంచినీటిలో కొద్దిగా అమ్మోనియం సల్ఫేట్ కరిగించి, ఆక్వా ల్యాబులో అమ్మోనియా కొలిపించాలి. ఆ నీరు లీటరుకు అయిదు గ్రాముల రాయి చొప్పున వేసి, మధ్యమధ్య కలియబెడుతూ కొన్ని గంటలు ఉంచి, మళ్లీ కొలిపించాలి. అంకె స్పష్టంగా పడిపోకపోతే ఆ రాయి సీసాన్నీ పట్టుకోదని అనుకోవచ్చు. భీమవరం పరిసరాల్లో వీధివీధినా ఆక్వా ల్యాబులు ఉండగా ఈ పరీక్ష చేయించకుండా టన్నుల లెక్కన కొనడానికి కారణమేముంటుంది?

6. పడకను సరిగా కట్టాలి

అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉన్న గింజ చిన్న వడపోతలకు అనువైనది. పొడి నీటిని ఆపేస్తుంది. కంకర నీటిని పట్టించుకోకుండా వదిలేస్తుంది. గింజలను ముక్కుకు గుడ్డ కట్టుకుని జల్లించి, కడిగిన నీరు తేటబడే దాకా కడిగి, లీటరుకు 60 నుంచి 100 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో ఒక రోజు నానబెట్టి, ఉప్పదనం పోయే దాకా మళ్లీ కడగాలి. ఈ ఉప్పునీటి స్నానం సొరంగాల్లోని గట్టి అతిథులను చాలావరకు తప్పించి, సులువుగా దిగిపోయే సోడియాన్ని కూర్చోబెడుతుంది. ఒక్క రోజు శ్రమతో రాయి సామర్థ్యం గణనీయంగా పెరుగుతుంది.

పడక వెడల్పుగా కాక పొడవుగా ఉండాలి. ఆరంగుళాల పీవీసీ గొట్టంలో మీటరు ఎత్తున నింపితే సుమారు 17 లీటర్ల పడక, అంటే 15 కిలోల రాయి పడుతుంది. నీరు రాయితో కనీసం పది నిమిషాలు గడపాలంటే గంటకు 100 లీటర్లకు మించి పంపకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడి కుళాయి పూర్తిగా తిప్పేస్తారు; నీరు ఏదో ఒక పక్క దారి చేసుకుని, రాయిని తాకీ తాకకుండా బయటికి వచ్చేస్తుంది. పడక ఎప్పుడూ నీటిలో మునిగి ఉండేలా బయటికి వచ్చే గొట్టాన్ని పై ఎత్తున ఉంచాలి.

వరుస క్రమం కూడా ముఖ్యమే. వరద రోజుల్లో ఎర్రగా వచ్చే గోదావరి నీటిని నేరుగా పడక మీదికి వదిలితే ఒండ్రు గింజల మధ్య పేరుకుని దారి మూసుకుపోతుంది. పూర్వం ఇళ్లలో చిల్లగింజ అరగదీసి, తర్వాతి కాలంలో పటిక తిప్పి తేర్చిన పద్ధతి ఇక్కడ మొదటి మెట్టుగా పనికివస్తుంది. పైగా సీసం ఒండ్రు రేణువులకు అంటుకుని ప్రయాణించే అలవాటున్నది కనుక తేర్చడంలోనే దానిలో కొంత అడుగుకు చేరుతుంది. తేర్చడం, ఇసుక వడపోత, జియోలైటు పడక, చివరగా క్లోరిన్ లేదా మరిగించడం అన్నదే సరైన వరుస. జియోలైటు క్రిములను చంపదన్న సంగతి మరచిపోకూడదు.

7. ఆమ్లం ఉన్న నీటికి ముందు సున్నం, తర్వాతే రాయి

జియోలైటుకు నిజంగా అచ్చివచ్చే చోటు ఇంటి వంటగది కంటే చిన్న పనిశాల. అజ్జరం వంటి ఇత్తడి పనికి పేరున్న ఊళ్లు డెల్టాలో ఉన్నాయి. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం కనుక, ఏ ఇత్తడి వస్తువునైనా ఆమ్లంలో ముంచి మెరుగుపెట్టి కడిగిన నీటిలో ఆ రెండు లోహాలూ కరిగి ఉంటాయి. ఆ రెండూ జియోలైటుకు లొంగేవే. అయితే పీహెచ్ బాగా తక్కువైనప్పుడు ఆమ్లంలోని హైడ్రోజన్ కణాలే సొరంగాలను ఆక్రమించి, చివరకు చట్రాన్నే కరిగించడం మొదలుపెడతాయి.

రోజుకు 200 లీటర్ల కడుగు నీరు, అందులో లీటరుకు రాగి 50, జింకు 50 మిల్లీగ్రాములు ఉన్న పనిశాలను ఊహించుకుందాం. నేరుగా 15 కిలోల పడక మీదికి పంపితే, కిలోకు 0.2 ఈక్వివలెంట్ల ఆచరణ సామర్థ్యం చొప్పున ఆ పడక అయిదో రోజుకల్లా నిండిపోతుంది. అలాకాక, సున్నం కలిపి పీహెచ్ 9 దగ్గరికి తెస్తే లోహాల్లో అత్యధిక భాగం హైడ్రాక్సైడు ముద్దగా అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిలో రెండూ కలిసి లీటరుకు 3 మిల్లీగ్రాములు మిగిలాయనుకుంటే, పీహెచ్‌ను 7కు అటూఇటూ తెచ్చి పడక మీదికి పంపినప్పుడు అదే పడక కాగితం లెక్కన అయిదు నెలలు వస్తుంది. సున్నం నుంచి వచ్చే కాల్షియం పోటీ వల్ల ఆచరణలో అంతకాలం రాకపోవచ్చు గాని, తేడా ఎంతటిదో అర్థమవుతుంది. కాలువల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థజలంలో రాగి లీటరుకు 3, జింకు 5, సీసం 0.1 మిల్లీగ్రాములు మించరాదని పర్యావరణ నిబంధనలు చెబుతున్నాయి కనుక, ఈ రెండు మెట్ల పద్ధతి చిన్న పనిశాల యజమానికి చట్టం దృష్ట్యా కూడా మేలు చేస్తుంది.

8. పడక ఎప్పుడు నిండిందో కనిపెట్టాలి

నిండిన పడక చూడడానికి కొత్త పడకలాగే ఉంటుంది. నీరు అంతే తేటగా, అంతే వేగంగా వస్తుంది. మరి తెలిసేదెలా? ఒకే పెద్ద గొట్టానికి బదులు రెండు గొట్టాలను ఒకదాని వెనక ఒకటి అమర్చి, రెండింటి మధ్య నమూనా తీసే కుళాయి పెట్టడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం. మధ్య కుళాయి నీటిలో లోహం కనిపించడం మొదలైతే మొదటి గొట్టం నిండిందని అర్థం. అప్పుడు రెండవదాన్ని ముందుకు జరిపి, కొత్త రాయి నింపినదాన్ని వెనక అమర్చాలి. నోటు పుస్తకంలో తేదీ, పంపిన లీటర్లు, పరీక్ష అంకె అనే మూడు గడులు గీసుకుంటే, రెండు మూడు విడతల తర్వాత ఆ నీటికి ఆ పడక ఎన్ని వేల లీటర్లు వస్తుందో యజమానికే తెలిసిపోతుంది.

నీరు మళ్లీ గరుకెక్కడం, సబ్బు నురగ తగ్గడం చూసి పడక అయిపోయిందని కొందరు పారేస్తారు. అది కాల్షియం నిండిన గుర్తు మాత్రమే. సీసం ఆ తర్వాత కూడా కాల్షియాన్ని దింపి ఎక్కగలదు. ఈ రెండు ముగింపులూ ఒకటి కావు కనుక నిర్ణయం పరీక్ష మీదే ఆధారపడాలి.

9. వాడిన రాయికీ, ఉప్పునీటికీ చోటు ముందే చూసి ఉంచాలి

నిండిన పడకను చిక్కని ఉప్పునీటితో కడిగితే లోహాలు చాలావరకు దిగిపోయి రాయి మళ్లీ పనికివస్తుందన్నది నిజమే. అయితే వేల లీటర్లలో చెదిరి ఉన్న లోహమంతా ఇప్పుడు ఒక డ్రమ్ము ఉప్పునీటిలో పోగుపడి ఉంటుంది. దాన్ని డ్రెయిన్లో పారబోస్తే ఇన్నాళ్ల శ్రమా ఎవరి కోసం? ఇళ్ల స్థాయిలో ఈ కడగడం జోలికి పోకుండా రాయినే మార్చడం సురక్షితం. పనిశాలల్లో ఆ ఉప్పునీటిని మళ్లీ సున్నపు తొట్టిలోకే పంపి లోహాన్ని ముద్దగా దింపవచ్చు. ఆ ముద్దనూ, పనికిరాని రాయినీ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న సంస్థకే అప్పగించాలి. అమ్మోనియా మాత్రమే పట్టిన మంచినీటి రాయి మొక్కలకు ఎరువుగా పనికివస్తుందని విని, సీసం పట్టిన రాయిని కూరపాదుల్లో వేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

తరచుగా జరిగే పొరపాట్లు

1. నీరు తేటబడితే లోహం పోయిందనుకోవడం. కరిగిన సీసానికి రంగూ రుచీ ఉండవు.

2. బిందెలో గుప్పెడు రాళ్లు వేసి ఊరుకోవడం. కలియబెట్టకుండా, ఎంత నీటికి ఎంత రాయో తెలియకుండా చేసే ఈ పని తృప్తికే తప్ప శుద్ధికి పనికిరాదు.

3. శరీరంలోని లోహాలను లాగేస్తుందన్న ప్రచారం నమ్మి జియోలైటు పొడి తాగడం. ఒంట్లో సీసం ఉందన్న అనుమానం వస్తే రక్తపరీక్ష, వైద్యుడి సలహా తప్ప మరో దారి లేదు.

4. డిటర్జెంట్లలో వాడే కృత్రిమ జియోలైటు పొడినీ, సహజ క్లైనోప్టిలోలైట్ గింజలనూ ఒకటే అనుకుని ధర తక్కువదాన్ని కొనడం.

5. అయిదారుగురున్న ఇంటికి తాగునీటి వరకే సమస్య అయినప్పుడు కూడా పెద్ద పడక కట్టడానికి పూనుకోవడం. రోజుకు పాతిక లీటర్ల తాగునీటికి మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఓ పరికరం సీసాన్ని నమ్మకంగా తగ్గిస్తుంది. కరెంటు లేని చోట, నీరు వృథా చేయలేని చోట, పనిశాల కడుగు నీటికి, మంచినీటి హేచరీల్లో అమ్మోనియాకు జియోలైటు పడక దానికంటే మెరుగు.

ఈ నెలలో చేయదగిన పని

ఇంతా చదివిన తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం కలగడం సహజం. మొదటి వారంలో నీటి నమూనాలు రెండూ ప్రయోగశాలకు పంపి, లోహాలతో పాటు పీహెచ్, కఠినత్వం, లవణాలు కొలిపించడం. నివేదిక వచ్చాక రెండవ, మూడవ సూచనలతో పోల్చి, జియోలైటు అవసరమో కాదో నిర్ణయించడం. అవసరమైతే ఒక కిలో రాయి మాత్రమే తెప్పించి అయిదవ సూచనలోని మూడు పరీక్షలు చేయడం. అవి నెగ్గితేనే పడకకు సరిపడా కొనడం. పడకకు కొనడానికి ముందున్న మూడు పనుల్లో మొదటి దానికే చెప్పుకోదగిన ఖర్చు ఉంది, మిగిలిన రెండింటికీ అయ్యేది స్వల్పమే. మొదటి రెండు మెట్ల దగ్గరే జియోలైటు అక్కర లేదని తేలితే అది కూడా లాభమే. ఆ డబ్బుతో కుళాయి మార్చుకోవచ్చు, సున్నపు తొట్టి కట్టుకోవచ్చు, లేదా ఆరు నెలల తర్వాత అదే నీటిని మరోసారి పరీక్ష చేయించవచ్చు.